ఈరీ సరస్సు ఒడ్డున ఆరాధన

క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన పెద్దలకు, ఏటా కుర్చీలు వేసి, వంటలు వండి, పిల్లల పేర్లు పిలిచి వేదిక ఎక్కించే కార్యకర్తలందరికీ నమస్కారాలు. 1978లో మీరు మొదలుపెట్టిన ఉత్సవానికి 2028తో యాభై ఏళ్ళు నిండుతాయి. స్వర్ణోత్సవపు గడపలో ఉన్న మీకు ఒక తెలుగు రసికుడి అభినందనలివి.

త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి పుష్య బహుళ పంచమి. తిరువైయారులో కావేరి ఒడ్డున ఆరాధన ఆ రోజునే జరుగుతుంది. జనవరిలోనో, తప్పితే ఫిబ్రవరిలోనో వస్తుంది. మీరు దాన్ని ఈస్టర్ సెలవుల దగ్గరికి జరుపుకున్నారు. పుష్యమాసంలో ఒహాయో మంచులో కూరుకుపోయి ఉంటుంది. పిల్లలకు బడి, పెద్దలకు ఆఫీసు. పిల్లలు రాలేని రోజున ఆరాధన చేసి ఎవరికి వినిపించాలి? తిథి పట్టింపు ఉన్న ఇళ్ళలో పుట్టి పెరిగినవారు ఈ మార్పుకు ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. నా మొదటి అభినందన దీనికే. దాదాపు యాభై ఏళ్ళుగా మీరు చేసిన మిగతా పనులన్నిటికీ మూలం ఆ ఒక్క నిర్ణయంలోనే ఉందని నాకనిపిస్తుంది.

మొదటి ఏడు ఒక చర్చి నేలమాళిగలో, ఒక్కరోజు కార్యక్రమం. వచ్చినవాళ్ళు డెబ్బై అయిదుగురికి అటూఇటూగా. మృదంగ విద్వాంసుడు రామ్నాడ్ రాఘవన్ ప్రోత్సాహం, వి.వి. సుందరం, ఆర్. బాలసుబ్రహ్మణ్యం, టొరంటో వెంకటరామన్ వంటివారి పూనిక, ఇవే పెట్టుబడి. 1965 వలస చట్టం తర్వాత అమెరికా చేరిన మన డాక్టర్లు, ఇంజనీర్లు అప్పుడప్పుడే ఇళ్ళు కొనుక్కుని స్థిరపడుతున్న కాలమది. దగ్గర్లోనే పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి గుడి అంతకు కాస్త ముందే లేచింది. తెలుగువాళ్ళ తానా మొదటి మహాసభ 1977లో జరిగింది. గుడి వచ్చింది, సంఘం వచ్చింది. పిల్లల గొంతులో పాట ఎలా వస్తుందన్నది మాత్రం ఇంకా తేలని ప్రశ్న. ఒక కచేరీ పెట్టించి, దండ వేసి, ఫొటో దిగి పంపించేస్తే ఆ ప్రశ్న తేలదని మీకు తొందరగానే తెలిసినట్టుంది.

ఆ నేలమాళిగ నుంచి క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ ప్రాంగణం దాకా, ఒక్కరోజు నుంచి పది పన్నెండు రోజుల దాకా ఉత్సవం ఎలా పెరిగిందో మీ సావనీర్లలో చదువుకోవచ్చు. భారతదేశం బయట ఇంత పెద్ద కర్ణాటక సంగీతోత్సవం మరొకటి లేదంటారు. నాకు అంతకంటే ముఖ్యమైనది, ఆ రోజుల్లో పెద్ద హాలు పక్క గదుల్లో జరిగే పిల్లల పోటీలు.

పోటీలంటే సంగీతం తెలిసినవాళ్ళలో చాలామందికి జంకు. అందులో న్యాయం ఉంది కూడా. ఎనిమిదేళ్ళ పిల్ల తోడి అందుకుంటుంటే ఎదురుగా గడియారం పెట్టుకుని మార్కులు వేయడం చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. పోటీ కోసమే పాఠం చెప్పించుకున్న పిల్లలు వేగాన్నే విద్య అనుకుంటారు. నిలిచి పాడాల్సిన చోట పరుగెడతారు. సంగతులు లెక్కపెట్టుకుంటారు తప్ప, ఒక సంగతి మరో సంగతిలోంచి ఎలా పుడుతుందో వినరు. మన ఊళ్ళలోనూ ఇదంతా చూస్తున్నాం. బహుమతి అందుకున్న పిల్లాడు ఆ షీల్డు పట్టుకుని ఇంటికెళ్ళి, పదో తరగతి రాగానే పాట మానేయడమూ చూస్తున్నాం.

మీ దగ్గర పోటీ పక్కనే కచేరీ ఉంది. ఈ ఏర్పాటులోని గొప్పతనాన్ని ఎంత చెప్పినా తక్కువే. పొద్దున ఒక గదిలో కాంభోజి ఆలాపన చేస్తూ తడబడిన పిల్లకు, ఆ వారంలోనే అదే కాంభోజిని మద్రాసు నుంచి వచ్చిన విద్వాంసుడి నోట అరగంటసేపు వినే వీలుంది. తాను ఎక్కడ తొందరపడిందో, ఏ స్వరం మీద నిలవలేకపోయిందో ఆ పిల్లకు ఒకరు చెప్పాల్సిన పని ఉండదు. న్యాయనిర్ణేతల కుర్చీలో ఉన్న పెద్దలే సాయంత్రం వేదిక మీద కనిపిస్తారు. మార్కులు వేసిన మనిషి పాడుతుంటే వినడం వేరే చదువు. ఓడిన పిల్లకు ఏడ్చి పడుకునే తీరిక లేదు, సాయంత్రం కచేరీకి ముందు వరస కుర్చీ పట్టుకోవాలి. గెలిచిన పిల్లకూ గర్వపడే తీరిక లేదు.

ఇంకోటి కూడా ఉంది. అమెరికాలో పెరిగే పిల్లలకు ఈ విద్యలో తోటివాళ్ళు కనబడరు. బడిలో పక్క బల్ల మీద పిల్లవాడికి శ్రుతిపెట్టె అంటే ఏమిటో తెలియదు. శనివారం పొద్దున్నే రెండు గంటలు కారులో కూర్చుని పాఠానికి వెళ్ళే పిల్ల, లోకంలో తనొక్కతే ఈ కష్టం పడుతోందనుకుంటుంది. అలాంటి పిల్ల మీ వరండాలోకి వచ్చేసరికి, గోడకు ఆనుకుని తాళం వేసుకుంటూ వర్ణం రెండో కాలం సరిచూసుకుంటున్న పాతికమంది కనిపిస్తారు. ఒకడు డెట్రాయిట్ నుంచి, ఒకతె హ్యూస్టన్ నుంచి. వాళ్ళమధ్య మొదలయ్యే స్నేహాలు బహుమతుల పట్టికలో ఎక్కవు. ఆ పిల్లలు మానకుండా పాడుతున్నారంటే అందులో సగం పుణ్యం ఆ వరండాదేనని నేను గట్టిగా నమ్ముతాను.

పోటీ నేర్చుకున్నదాన్ని మెచ్చుకుంటుంది. నేర్చుకోవాల్సినదానికి ఆసరా వేరే కావాలి. మన దేశంలో సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం 1982 నుంచి పది పద్నాలుగేళ్ళ పిల్లలకు కళలు నేర్చుకోవడానికి ఉపకారవేతనాలు ఇస్తోంది. మొత్తం చిన్నదే అయినా, గురువు దగ్గర కుదురుగా కూర్చోవడానికి ఎన్నో ఇళ్ళలో అది ఊతమైంది. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో భైరవి నేర్చుకునే పిల్లకు అలా చేయి అందించేవారు అరుదు. ఆ పని మీరు తలకెత్తుకున్నారు. 2007లో మీరు ప్రారంభించిన సస్టెయినింగ్ సంప్రదాయ పథకంలో అమెరికా నలుమూలల నుంచి ఎంపికైన పిల్లలకు మన దేశంలోని గురువులు ఇంటర్నెట్ ద్వారా పాఠం చెప్పారు. తెర మీద పాఠం అంటే ఇవాళ అందరికీ అలవాటే. అప్పట్లో మాట ఒకసారి, బొమ్మ ఒకసారి తెగిపోయే కనెక్షన్ల మీద, ఇక్కడ తెల్లవారితే అక్కడ పొద్దుగూకే తేడాతో, ఒక పెద్దాయన ఒకే సంగతిని పదిసార్లు పాడి పిల్లల చేత అనిపించడం ఎంత ఓపిక పనో! నెలల తరబడి అలా నేర్చుకున్న కృతులను పిల్లలు క్లీవ్‌లాండ్‌లో గురువు ఎదుట కూర్చుని, చివరి మెరుగులు పెట్టుకుని, వేదిక మీద బృందంగా పాడారు. ఒక పాఠాంతరం చెడకుండా చేతులు మారాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు. త్యాగయ్య గారి కృతులు వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యుల ఇళ్ళలో బతికి మనదాకా వచ్చింది కూడా గురువు ముందు కూర్చున్నవాళ్ళ జ్ఞాపకశక్తి వల్లే.

ఫలితాలు కళ్ళముందున్నాయి. కాలిఫోర్నియాలో పెరిగిన గాయకులు సందీప్ నారాయణ్, రామకృష్ణన్ మూర్తి ఇవాళ మద్రాసు డిసెంబరు సీజనులో ప్రధాన కచేరీలు చేస్తున్నారు. అమెరికా కుర్రాడు బాగానే పాడాడే అని ఆశ్చర్యపోయే కాలం పోయింది. ఎక్కడ పెరిగాడన్నది అడగకుండానే జనం టికెట్టు కొంటున్నారు. అమెరికాలో ఒక తరం పిల్లలకు సంగీతమే వృత్తిగా బతకొచ్చన్న ధైర్యం వచ్చిందంటే, ఆ ధైర్యాన్ని కలిగించిన చోట్లలో మీది ముందుంటుంది.

ఇక తెలుగువాళ్ళ సంగతి. మీ వేదిక మీద పాడేవాళ్ళలో, నడిపేవాళ్ళలో ఎక్కువమంది తమిళులు. పాడేది మాత్రం చాలావరకు మా భాష. త్యాగయ్య ఘనరాగ పంచరత్నాల్లో నాట ఒక్కటే సంస్కృతం. గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగం నాలుగూ తెలుగే. మీ పిల్లలు నేర్చుకునే వర్ణాల్లో సింహభాగం తెలుగే. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్, రామనాథపురం శ్రీనివాస అయ్యంగార్ తమిళదేశంలో ఉండి తెలుగులో రాశారు. నాట్యం నేర్చుకునే పిల్లలు క్షేత్రయ్య పదం దగ్గరికి వచ్చి తీరాలి. తెలుగు ఇంట్లో పుట్టని పిల్లలు వేలమంది, త్యాగయ్య తన రాముడితో పడ్డ పేచీలను, చేసిన బతిమాలడాలను తెలుగులోనే పాడుతున్నారు. మా ఇళ్ళలో పుట్టిన పిల్లలకు ఆ మాటలు రాక, తెలుగు ఇళ్ళలో పుట్టనివాళ్ళ నోట అవే వినబడుతుంటే మాకు సంతోషంతోపాటు సిగ్గు కూడా కలుగుతోంది. మీకు మేము రుణపడి ఉన్నాం. ఈ మాట మర్యాద కోసం అంటున్నది కాదు.

రుణం ఉందన్నాక తీర్చే దారీ చెప్పాలి. అమెరికాలో తెలుగు సంఘాలకు కొదవ లేదు, డబ్బుకూ కొదవ లేదు. మహాసభల్లో సినిమావాళ్ళ రాకకు పెట్టే ఖర్చులో ఒక చిన్న పాలు చాలు. పోటీకి తయారయ్యే పిల్లలకు కృతిని పదం పదం విడదీసి, ఇక్కడ త్యాగయ్య కోపంగా ఉన్నాడు, ఇక్కడ ఎగతాళి చేస్తున్నాడు, ఇక్కడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు అని చెప్పే తెలుగు పెద్దలను మేము ఇవ్వగలం. నెరవల్‌కు ఎంచుకున్న పాదాన్ని మాట మధ్యలో విరిచి పాడితే రాగం మిగులుతుంది గానీ కృతి మిగలదు. దాన్ని సరిదిద్దడం మా పని. ఇన్నాళ్ళూ మేము ముందుకు రాలేదు.

ఒక విన్నపం. తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉంటే, 1920లలో తన ఆస్తి ధారపోసి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ గారు. తాను కట్టించిన చోట ఆడవాళ్ళు పాడకూడదని మగ బృందాలు అడ్డుచెబితే, ఆమె ఆడవాళ్ళ చేత వేరుగా ఆరాధన జరిపించింది. 1940 నాటికి బృందాలు ఒకటయ్యాయి, అందరూ కలిసి పంచరత్నాలు పాడే పద్ధతి అక్కడి నుంచే స్థిరపడింది. క్లీవ్‌లాండ్‌లో ఆడపిల్లలు, మగపిల్లలు, తలనెరిసినవాళ్ళు ఒకే నేల మీద కూర్చుని గౌళ ఎత్తుకుంటున్నప్పుడు ఆ పద్ధతి వెనుక ఆమె ఉంది. స్వర్ణోత్సవంలో ఆమె పేర ఒక ఉపకారవేతనం పెట్టండి. పోటీలో మొదటి బహుమతి వచ్చిన పిల్లకే అది పోనక్కర్లేదు. గొంతు ఉండి, గురువు దగ్గరికి వెళ్ళే స్తోమత లేని పిల్లను వెతికి ఇవ్వండి. అమెరికాలోనైనా సరే, కాకినాడలోనో కడపలోనో అయినా సరే. ఏడాది పాఠం ఫీజు, ఒక తంబూరా, ఉత్సవానికి రానూపోనూ ఖర్చు, అంతే కావలసింది. తెలుగువాళ్ళ వంతు సొమ్ము తెలుగువాళ్ళమే పోగుచేస్తాం. 2028లో పంచరత్నాలు పాడే రోజున, నాట ఎత్తుకోబోయే ముందు, ఆ మొదటి పిల్ల పేరు చదవండి.