ఇరుసుల లెక్క తేల్చిన ఉద్యోగి – ఆగస్ట్ వోలర్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శిగారు కోరారు. మహాత్ముల గురించి, మంత్రుల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం మనలాగే ఉద్యోగం చేసి, మనలాగే రిటైరైన ఒక జర్మన్ రైల్వే ఇంజనీరు గురించి రాస్తున్నాను. ఇంజనీరింగు చదువుతున్న మా మనవడి పుస్తకంలో ఆయన పేరు మొదటిసారి చూశాను. మనం హైస్కూలులో చదివిన యూరియా వోలర్ ఈయన కాదు, ఆయన వేరు.

ఆగస్ట్ వోలర్ 1819 జూన్ 22న హానోవర్ రాజ్యంలోని సోల్టౌ అనే ఊళ్ళో, ఒక బడిపంతులుగారి ఇంట పుట్టారు. హానోవర్‌లో సాంకేతిక విద్య పూర్తిచేసి, బెర్లిన్‌లో బోర్సిగ్ వారి ఇంజన్ల కర్మాగారంలో పని నేర్చారు. బెల్జియం వెళ్ళి ఇంజను నడపడమూ నేర్చుకున్నారు. 1847లో బెర్లిన్ నుంచి బ్రెస్లావు దాకా పోయే రైలుమార్గంలో ఇంజన్లు, పెట్టెల బాధ్యత ఆయనకు అప్పగించారు. వర్క్‌షాపు ఓడర్ నది ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండేది. అయిదేళ్ళకు ఆ రైల్వేను ప్రష్యా ప్రభుత్వం తీసుకోవడంతో ఆయన సర్కారీ ఉద్యోగి అయ్యారు.

ఆ రోజుల్లో రైల్వేలను పీడిస్తున్న జబ్బు ఒకటుండేది. నిన్నటిదాకా బాగా నడిచిన ఇరుసు ఏ హెచ్చరికా లేకుండా ఫట్‌మని విరిగిపోయేది. 1842 మే 8న వెర్సాయ్‌లో రాజుగారి ఉత్సవం చూసి పారిస్‌కు తిరిగి వస్తున్న రైలు ఇంజను ఇరుసు అలాగే విరిగింది. పెట్టెలు ఒకదానిమీద ఒకటి ఎక్కి మంటలంటుకున్నాయి. తలుపులకు బయట తాళాలు వేసి ఉండడంవల్ల యాభైమందికి పైగా లోపలే కాలిపోయారు. ప్రపంచమంతా చుట్టివచ్చిన నావికుడు ద్యుమాన్ దుర్విల్ కూడా భార్యతో, కొడుకుతో సహా అందులోనే పోయారు. వాడగా వాడగా ఇనుము లోపల స్ఫటికాలుగా మారిపోతుందని అప్పటి పెద్దలు చాలామంది అనుకునేవారు.

వోలర్ గారు అనుకోవడంతో ఊరుకోలేదు. నడుస్తున్న బండి ఇరుసు ఎంత వంగుతోందో జింకు రేకు మీద గీతలు పడేలా ఒక పరికరం అమర్చి కొలిచారు. ఇక్కడ సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. మన ఆఫీసులో జెమ్ క్లిప్పును ఒక్కసారి వంచితే విరగదు, అటూ ఇటూ పదిసార్లు వంచితే విరుగుతుంది. రైలు ఇరుసు చక్రంతోపాటే తిరుగుతుంది గనుక, పైనుంచి పడే బరువుకు దాని ఒంటిమీద ప్రతి చోటూ చుట్టుకొకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుంటుంది. మీటరు వ్యాసం గల చక్రం కిలోమీటరుకు మూడువందల పైచిలుకు చుట్లు తిరుగుతుంది. లక్ష కిలోమీటర్లకు మూడు కోట్లు దాటుతాయి!

ఇరుసు ముక్కలను బరువుకు వంచుతూ తిప్పే యంత్రాలు ఆయనే తయారుచేయించారు. 1870 దాకా, ఏళ్ళ తరబడి, కొన్ని ముక్కలను కోట్ల చుట్లు తిప్పించారు. తేలిందేమిటంటే, ఒక్కసారిగా విరగడానికి కావలసిన బలంలో సగం కూడా లేని బలం పదేపదే పడితే ఉక్కు విరుగుతుంది. ఆ బలం ఒక హద్దుకు దిగువన ఉంటే ఎన్ని చుట్లు తిరిగినా విరగదు. లావు నుంచి సన్నానికి ఒక్కసారిగా మారే మూలల దగ్గరే ఇరుసుకు ఎక్కువ ప్రమాదమనీ ఆయన చూపారు.

ఫలితాలన్నీ పట్టికలుగానే అచ్చువేశారు. నేటి ఇంజనీర్లు వోలర్ రేఖ అని పిలిచే రేఖను తర్వాతివారు గీశారు. జీవితమంతా రిజిస్టర్లలో కాలాలు నింపిన నాకు ఈ సంగతి ఎంతో నచ్చింది. ఇనుము, ఉక్కు నాణ్యతను తరగతులుగా నిర్ణయించాలనీ, పరీక్షలు అమ్మేవాడి చేతిలో కాక నిష్పాక్షిక సంస్థల చేతిలో ఉండాలనీ ఆయన పట్టుబట్టారు. ఉక్కు యజమానులకు ఇది రుచించలేదు. అయినా తర్వాత జర్మనీలో అలాంటి పరీక్షాలయాలు వచ్చాయి.

ఆయన కాలంలో వంతెనల ఉక్కును రివెట్లతో బిగించేవారు. ఇప్పుడు వెల్డింగు. వెల్డింగు అతుకు అంచున కంటికి ఆనని లోపాలుంటాయి, చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని లాగుతూ ఉంటుంది. అందుచేత పగులు పుట్టడానికి ఎంతోకాలం పట్టదు, పుట్టింది కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది. ఇంకా గట్టి ఉక్కు తెచ్చి వేసినా అతుకు దగ్గర పెద్దగా లాభముండదట. నార్వేవారి అలెగ్జాండర్ కీలాండ్ అనే వేదిక ఉత్తర సముద్రంలో చమురు కార్మికులకు నివాసంగా ఉండేది. ఒక చిన్న పరికరం తగిలించడానికి దాని అడ్డదూలానికి ఒక పిడి అతికారు. అతుకు మందం 6 మిల్లీమీటర్లు. అక్కడ మొదలైన పగులు అలల తాకిడికి పెరిగి పెరిగి, 1980 మార్చి 27న దూలం విరిగింది, కాలు ఊడింది, వేదిక తలకిందులైంది. ఉన్న 212 మందిలో 123 మంది పోయారు.

వోలర్ గారి సంగతికి వద్దాం. 1869లో రైల్వే వదిలి బెర్లిన్‌లో ఒక కర్మాగారానికి డైరెక్టరయ్యారు. 1874లో మళ్ళీ ప్రభుత్వ రైల్వేకే వచ్చి, స్ట్రాస్‌బూర్గ్‌లో పనిచేసి, 1889లో డెబ్బయ్యో ఏట రిటైరయ్యారు. హానోవర్‌లో స్థిరపడి 1914 మార్చి 21న కన్నుమూశారు. అప్పటికి 94 నిండి 95 నడుస్తోంది. మన ట్రెజరీ అయితే ఆయనచేత ఇరవైనాలుగుసార్లు లైఫ్ సర్టిఫికెట్ తెప్పించుకునేది.