జుసెప్పె బ్రోట్సు

మధ్యధరా సముద్రంలోని సార్డీనియా ద్వీపం ఇటలీ దేశానికి చెందినది. ఆ ద్వీపంలోని గిలార్జా అనే ఊరిలో 1895లో జుసెప్పె బ్రోట్సు జన్మించారు. వైద్యవిద్య పూర్తిచేసి, కాల్యరి విశ్వవిద్యాలయంలో ఆరోగ్యశాస్త్ర ఆచార్యులయ్యారు. కొంతకాలం ఆ విశ్వవిద్యాలయానికి రెక్టరుగానూ పనిచేశారు. మలేరియా, టైఫాయిడ్ వంటి వ్యాధులపై పరిశోధనలు సాగించారు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1943 నాటి బాంబుదాడులలో, కాల్యరి నగరం చాలావరకు శిథిలమయింది. నగరపు మురుగుకాలువ సు సిక్కు అనే చోట సముద్రంలో కలిసేది. అక్కడ యువకులు నిర్భయంగా ఈతలు కొట్టేవారు. అయినా వారికి టైఫాయిడ్ సోకకపోవడం బ్రోట్సు దృష్టిని ఆకర్షించింది. మరొకరైతే దానిని అదృష్టమని సరిపెట్టుకొనేవారేమో! ఆ నీటిలోనే రోగక్రిములను అణచే జీవి ఏదో ఉండాలని ఆయన ఊహించారు. 1945 జూలైలో ఆ నీటిని పరీక్షించగా సెఫలోస్పోరియం అనే బూజు లభించింది. దాని స్రావం టైఫాయిడ్ క్రిముల పెరుగుదలను అడ్డుకొన్నది. అప్పటికి పెన్సిలిన్ వాడుకలో ఉన్నా టైఫాయిడ్‌కు అది పనికిరాదు. వైద్యులకు వేరే మందూ లేదు.

బ్రోట్సు ఆ స్రావాన్ని కురుపులపైన, టైఫాయిడ్ రోగులపైన ప్రయోగించి ఆశాజనకమైన ఫలితాలు చూశారు. కాని అందులోని మందును వేరుచేయడానికి తగిన వనరులు ఆయనకు లేవు. 1948లో తన పరిశోధనను స్థానిక ప్రచురణలో వెల్లడించారు. దానిని చదివినవారు బహుకొద్దిమంది. అయినా ఆయన నిరాశ చెందలేదు. తన బూజును తనవద్దనే దాచుకోనూ లేదు. ఒక బ్రిటిష్ వైద్యుని తోడ్పాటుతో దానిని ఆక్స్‌ఫర్డుకు, పెన్సిలిన్ పరిశోధకుడైన ఫ్లోరీకి చేరవేశారు.

అక్కడ ఎడ్వర్డ్ ఏబ్రహాం, గై న్యూటన్‌లు 1953లో ఆ బూజునుండి సెఫలోస్పోరిన్-సిని కనుగొన్నారు. విచిత్రమేమంటే, బ్రోట్సు చూసిన టైఫాయిడ్ నిరోధక గుణం ప్రధానంగా దీనిది కాదు. ఆ స్రావంలోనే ఉన్న ఒక రకం పెన్సిలిన్‌ది. సెఫలోస్పోరిన్-సి బలహీనమైనదే. కాని పెన్సిలిన్‌ను నాశనంచేసే ఎంజైము దీనిని ఏమీ చేయలేకపోయింది. అప్పటికే ఆసుపత్రులలో పెన్సిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ క్రిములు విజృంభిస్తున్నందువల్ల ఈ గుణం అమూల్యమయింది. దీని అణునిర్మాణాన్ని డొరతీ హాడ్జ్‌కిన్ 1961లో ధ్రువపరచారు. అణువులో మార్పులుచేసి రూపొందించిన సెఫలోథిన్ 1964లో రోగులకు అందింది.

ఈ ఔషధాలు క్రిమి తన కణకవచాన్ని నిర్మించుకోకుండా అడ్డుపడతాయి. కవచం బలహీనమైన క్రిమి పగిలి నశిస్తుంది. మానవ కణాలకు అటువంటి కవచం లేదు గనుక వాటికి ఆ దెబ్బ తగలదు. వైరస్‌లకూ కవచం లేదు. కనుకనే జలుబుకు ఈ మందులు నిష్ప్రయోజనం. ఈ కుటుంబంలో తరువాత పుట్టిన సెఫ్ట్రియాక్సోన్‌ను నేడు మన ఆసుపత్రులలోనూ టైఫాయిడ్ చికిత్సకు ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. బ్రోట్సు వెదకినది ఆ జబ్బుకు మందునే.

ఆయన 1955 నుండి 1958 వరకు సార్డీనియా ప్రాంతీయ ప్రభుత్వానికి అధ్యక్షులుగా, అనంతరం కాల్యరి మేయరుగా సేవలందించి, 1976లో మరణించారు. కాల్యరిలోని ఒక పెద్ద ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు.