వీరపురుషదత్తుడు

నల్లమల కొండల నడుమ కృష్ణానది ఒరసికొని పారుచోట, మూడు వైపుల కొండలును ఒక వైపు నదియు కాపుగా, పూర్వము విజయపురి యను నగర ముండెను. నాగార్జునకొండ యని నేడు ప్రసిద్ధి కెక్కిన ప్రదేశ మదియే. శాతవాహనుల ప్రాభవము అంతరించిన పిమ్మట, క్రీ.శ. 3వ శతాబ్దమున, ఇక్ష్వాకు వంశీయులు ఆ నగరము రాజధానిగా రాజ్యము చేసిరి. వారిలో రెండవవాడు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. తల్లి గోత్రమును పేరునకు ముందుంచుకొనుట ఆనాటి రాజుల ఆచారము. ఇతని తల్లి మాఠర గోత్రజ.

తండ్రియగు శాంతమూలుడు వైదిక ధర్మమున దృఢవిశ్వాసము గలవాడు. అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధ యాగములు చేసెను. మహాసేనుడను పేర కుమారస్వామిని కొలిచెను. గోవులను, భూములను, బంగారమును విరివిగా దానము చేసెను. అట్టి యింట పుట్టినవాని కాలమున విజయపురి బౌద్ధమునకు పెద్ద నిలయమగుట మొదట వింతగా తోచును. కారణ మరయుటకై శాసనములను పరిశీలించినచో, దాతలలో ముందుగా కనబడునది రాజు కాదు, రాజు మేనత్త.

ఆమె పేరు శాంతిశ్రీ. శాంతమూలుని సోదరి, మహాసేనాపతి స్కందశ్రీ భార్య. వీరపురుషదత్తుడు రాజ్యమునకు వచ్చిన 6వ సంవత్సరమున, వానకాలమున, ఆమె మహాచైత్యమును నిర్మింపజేసి స్తంభములు నిలిపెను. ఆనందుడను భిక్షువు ఆ పనిని దగ్గర నుండి నడిపించెను. ఆ చైత్యము 106 అడుగుల వ్యాసము గలది. దాని కట్టడము మిక్కిలి నేర్పుతో కూడినది. అడుగున ఇటుక గోడలను బండిచక్రపు ఆకులవలె నడుమ నుండి అంచు వరకు కట్టి, వాని మధ్యనున్న ఖాళీలను మట్టితో నింపిరి. అంత పెద్ద గోపురపు బరువును ఆ చక్రమే మోసెను. నాలుగు దిక్కులందును వేదికలు కట్టి, ఒక్కొక్క వేదికపై ఐదేసి ఆయక స్తంభములు నిలిపిరి. బుద్ధుని జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ప్రథమోపదేశము, పరినిర్వాణము అను ఐదు ఘట్టములకు అవి గుర్తులు.

ఆ స్తంభములపై అంతఃపుర స్త్రీల పేర్లు పెక్కు గలవు. రాజునకు మరియొక మేనత్త కుమార్తెలును, రాజపత్నులును అగు బపిశ్రీ, షష్ఠిశ్రీ అందున్నారు. ఉజ్జయిని రాజకుమార్తెయగు రుద్రధర భట్టారిక స్తంభముతో పాటు 170 దీనార మాషకముల ధనము నిచ్చెను. మేనరికము తెలుగునాట ఎంత పాతదో ఈ శాసనముల వలన తెలియును. రాజునకు మేనత్తయైన శాంతిశ్రీ, 18వ సంవత్సరపు శాసనమున అతనిని తన అల్లుడని చెప్పుకొన్నది!

రాజవంశమునకు చెందని వారును వెనుకంజ వేయలేదు. గోవగామమునకు చెందిన గృహస్థ కుటుంబములోని బోధిశ్రీ యను ఉపాసిక 14వ సంవత్సరమున చుల్ల ధర్మగిరిపై చైత్యగృహమును కట్టించి, సింహళ దేశపు థేరవాద ఆచార్యుల కర్పించెను. కాశ్మీర, గాంధార, చీనాది దేశములందు ధర్మమును వ్యాపింపజేసిన వారని ఆ శాసనము వారిని కొనియాడుచున్నది. ఆమె దానము అంతటితో ఆగలేదు. సింహళ విహారమున బోధివృక్షమునకు కట్టడము, పూర్వశైలమున చెరువును మండపమును, పాపిలమున ఏడు భిక్షుగృహములు, కంటకశైలపు మహాచైత్యము కడ శిలామండపము కూడ ఆమె చలువయే. ఇక జగ్గయ్యపేట చైత్యమునకు 20వ సంవత్సరమున ఐదు స్తంభము లిచ్చిన సిద్ధార్థుడు రాణి కుమారుడు కాడు, శిల్పి.

మహాచైత్యపు స్తంభములపై వీరపురుషదత్తుని పేరు దాతగా గాక, కాలమును తెలుపుటకే వచ్చును. అంతమాత్రమున అతని గొప్పతనమునకు లోటు రాదు. తమ సొమ్మును తమ యిష్టమైన ధర్మమునకు ఇంటి ఆడువారు నిర్భయముగా ఇయ్యగల్గుట ఆ రాజు చల్లని పాలనకు గుర్తు. శివలింగముపై కాలు మోపిన రాజ శిల్ప మొకటి అచ్చట దొరకగా, అతడు బౌద్ధము స్వీకరించి శైవమును ద్వేషించెనని కొంద రూహించిరి. ఆ శిల్పములోని రాజు ఇతడే యనుటకు పేరు చెక్కి లేదు. శాంతిశ్రీ మహాచైత్యపు స్తంభములపైననే తన అన్నను అశ్వమేధయాజి యనియు, మహాసేనుని అనుగ్రహము పొందినవాడనియు పొగడియున్నది. రెండు ధర్మములు ఒకే యింట పొత్తుగా మెలగె ననుటకు ఇంతకంటె సాక్ష్య మేల?

వీరపురుషదత్తుడు సుమారు 20 ఏండ్లకు తక్కువ గాకుండ పాలించెను. అతని వెనుక భట్టిదేవి కుమారుడు ఎహువల శాంతమూలుడు రాజాయెను. అతని కాలమున నదీతీరమున హిందూ దేవాలయములు వెలసెను. వీరపురుషదత్తుని కుమార్తెయు, వనవాసి రాజు పత్నియునగు కొడబలిశ్రీ అదే కాలమున మహీశాసక శాఖ భిక్షువులకు విహారము కట్టించెను. ఇక్ష్వాకు వంశములో తరువాతి వాడగు రుద్రపురుషదత్తుని 18వ సంవత్సరమున, హనుమకొండకు దక్షిణముగా నేటి సూర్యాపేట జిల్లాలోనున్న ఫణిగిరిపై ధర్మచక్రమును నిలిపినవాడు రాజవైద్యుడు.

పిమ్మట విజయపురి అడవి పాలయ్యెను. 1926లో ఆ శిథిలములు లోకము దృష్టికి వచ్చెను. 1927 నుండి లాంగ్‌హర్స్ట్ త్రవ్వించగా, మహాచైత్యమున బంగారు బరిణెలో చిన్న యెముక ముక్క బయల్పడెను. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరుగగా, లోయ మునుగుటకు ముందే పురాతత్త్వ శాఖవారు 1960 వరకు త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను కొండమీదికిని, అనుపునకును తరలించి తిరిగి నిలిపిరి. కొండ నేడు ద్వీపము. దానిపైనున్న ప్రదర్శనశాలకు పడవలో పోవలయును.