మట్టి ఋణం: లీబిగ్ జీవితం

పంట ఇల్లు చేరిన నాడు నేల తన సొత్తులో కొంత కోల్పోతుంది. ఆ సొత్తు తిరిగి నేలకు చేరకపోతే ఏమవుతుందో లెక్కకట్టి లోకానికి తెలియజెప్పిన రసాయన శాస్త్రజ్ఞుడు యుస్టుస్ ఫాన్ లీబిగ్.

1803 మే 12న జర్మనీలోని డార్మ్‌స్టాట్ పట్టణంలో ఆయన జన్మించాడు. తండ్రి రంగులు, మందుదినుసులు అమ్మే వర్తకుడు. ఆ వర్తకానికి సంబంధించిన పనిగదియే బాలునికి తొలి ప్రయోగశాల. ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైన మరుసటి సంవత్సరం, 1816లో, ఐరోపాకు వేసవి రాలేదు. పైర్లు పండక ప్రజలు ఆకలితో అలమటించారు. అప్పటికి లీబిగ్ పదమూడేళ్ళవాడు. తరువాత పారిస్‌లో గే లూసాక్ వద్ద శిక్షణ పొంది, హంబోల్ట్ సిఫారసుపై 1824లో, ఇరవై ఒకటవ యేటనే, గీసెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. విద్యార్థులు స్వహస్తాలతో ప్రయోగాలు చేస్తూ నేర్చుకొనే పద్ధతిని అక్కడ నెలకొల్పగా, దేశదేశాల యువకులు ఆ చిన్న పట్టణానికి తరలివచ్చారు.

1840లో వెలువడిన వ్యవసాయ రసాయన గ్రంథం ఆయన కీర్తిని పొలాల వరకు తీసుకుపోయింది. నేలలో కుళ్ళిన జీవపదార్థమే మొక్కకు ముఖ్యాహారమని అంతవరకు పలువురు పండితులు నమ్మేవారు. లీబిగ్ ఆ నమ్మకాన్ని త్రోసిపుచ్చాడు. మొక్క బొగ్గుపులుసు వాయువును గాలినుండి, భాస్వరం, పొటాషియం మొదలైనవాటిని నేలనుండి గ్రహిస్తుందనీ, మొక్కను పశువు, ఆ రెంటినీ మనిషి తినగా, తుదకు అన్నీ మట్టికీ గాలికీ చేరుతాయనీ వివరించాడు. అన్నిటికన్న కొరతగా ఉన్న పోషకమే పంటకు హద్దు గీస్తుందన్న సూత్రాన్ని మొదట కార్ల్ స్ప్రెంగెల్ ప్రతిపాదించినా, దానిని లోకవిదితం చేసినవాడు లీబిగ్.

నత్రజని విషయంలో మాత్రం ఆయన పొరబడ్డాడు. వానతో దిగివచ్చే అమోనియాయే పైరుకు చాలునని తలచాడు. 1845 ప్రాంతాన ఇంగ్లండులో తయారు చేయించిన ఎరువులో లవణాలు వానకు కొట్టుకొనిపోరాదని వాటిని నీట సులభంగా కరగనివిగా మార్చాడు. అవి పైరుకు అందనే లేదు. అక్కడి రాథమ్‌స్టెడ్ పొలాలలో లాజ్, గిల్బర్ట్ సాగించిన ప్రయోగాలు గోధుమకు నత్రజని వేయక తప్పదని చూపించాయి. వివాదం ఏళ్ళ తరబడి సాగింది. నేల తనంత తానే పోషకాలను పట్టి ఉంచగలదని ఇతరులు కనుగొన్న పిదప, ఎరువు విషయంలో తన తప్పును లీబిగ్ అచ్చులోనే ఒప్పుకొన్నాడు.

1852లో మ్యూనిక్‌కు మారిన తరువాత ఆయన చూపు నగరాలమీదికి మళ్ళింది. పల్లె పండించిన ధాన్యాన్ని లండన్ తింటున్నది. అందులోని సారం మురుగుకాల్వల వెంట థేమ్స్ నదిలో పడి సముద్రం పాలవుతున్నది. ఆ లోటు పూడ్చుకొనటానికి ఇంగ్లండు పెరూ దీవులనుండి పక్షిరెట్టను, పరదేశాలనుండి ఎముకలను ఓడలలో తెప్పించుకొంటున్నది. ఇటువంటి సేద్యం నేలను దోచుకొనటమేనని 1862 నాటి కూర్పులో ఆయన తీవ్రంగా గర్హించాడు. నగర మాలిన్యాన్ని పొలాలకు మళ్ళించవలసినదిగా 1865లో లండన్ మేయరుకు లేఖలు వ్రాశాడు. నగరం మాత్రం మురుగును ఊరికి దిగువన నదిలోకే వదలింది.

1873 ఏప్రిల్ 18న మ్యూనిక్‌లో లీబిగ్ కన్నుమూశాడు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనినుండి అమోనియాను తయారుచేసి చూపాడు. 1913లో అది కర్మాగారపు సరుకయింది. నత్రజని కరవు అట్లా తీరింది గాని, లీబిగ్ చెప్పిన చక్రం ముడిపడలేదు. పైరు గ్రహించక మిగిలిన నత్రజని, భాస్వరం నేడు నదులలో, తీరసముద్రాలలో నాచును పెంచి చేపలకు ఊపిరాడకుండా చేస్తున్నవి. భాస్వరపు శిలలను మాత్రం గనులనుండి త్రవ్వి తీస్తూనే ఉన్నారు. నగరం తిన్నదానిని పొలానికి తిరిగి ఇవ్వాలన్న ఆయన కోరిక ఇంకా తీరవలసే ఉన్నది.