రథకారుడు కరివర్ధన్

పలివెలలో గాని, చుట్టుపట్ల కోనసీమ గ్రామాలలో గాని ఎడ్లబండి చేసిన వడ్రంగికి ఇరుసు మీద బరువు తూచడం తెలిసి ఉండవలసినదే. బండి ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడలను నలుపుతుంది. వెనుకకు మొగ్గితే కాడే పైకి లేస్తుంది. తోలేవాడి బరువు కూడా ఆ లెక్కలోనిదే. పందెపు కారు చట్రం గీసే ఇంజనీరింగు విద్యార్థులకు నేటికీ ఇది తొలి పాఠం. అట్టి కారును మన యువకులకు అందుబాటులోకి తెచ్చిన సుందరం కరివర్ధన్‌ను ఇక్కడ స్మరిస్తున్నాము.

ఆయన 1954లో కోయంబత్తూరులో, లక్ష్మీ మిల్లుల స్థాపకులైన కుప్పుస్వామి నాయుడు గారి వంశంలో జన్మించారు. ఊరు తమిళదేశమైనా ఆ నాయుళ్ల ఇంటి భాష తెలుగు గనుక మనవారని చెప్పుకొనే చనువు తీసుకొంటున్నాము. మద్రాసు చెంత షోలవరంలో, యుద్ధకాలపు విమాన మార్గం మీద జరిగే పందేలలో ఆయన స్వయంగా కారు నడిపారు. సంపన్నుడు కారు తోలడం వింత కాదు. ఇతరులు తోలడానికి కారు చేయడమే వింత.

1988లో ఆయన ఫార్ములా మారుతి పందేలను ఆరంభించారు. ఒక్కరే కూర్చునే కారు. ఇంజను మారుతి 800ది, 796 సీసీలది. అందరిదీ ఒకే తరహా వాహనం కావడంతో ధనం కంటే నేర్పు పైకి వచ్చింది. మా దృష్టిలో ఆయన ఘనకార్యం ఇదే. ఆ కారుతోనే పందేలలో అడుగిడిన నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడైనాడు.

అది చూడటానికి కరివర్ధన్ లేరు. 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. 2003లో కోయంబత్తూరు దగ్గర ప్రారంభమైన పందెపు బాటకు కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టారు.

2017 నుండి ఫార్ములా భారత్ విద్యార్థి పోటీలు ఆ బాట మీదనే జరుగుతూ వచ్చాయి. గొట్టాలు అతికి చట్రం చేసే ముందు పిల్లలు చెక్కతో నమూనా కట్టి అందులో కూర్చుని చూస్తారు. వెనుకకు వాలితే బరువు నేలకు దగ్గరవుతుంది. మరీ వాలితే బాట కనబడదు. పొట్టి విద్యార్థిని పాదం పెడలుకు అందాలి, పొడగరి మోకాలు చుక్కానికి తగలరాదు. పట్టీలన్నీ బిగించుకొని చుక్కాని పట్టుకున్నవాడు అయిదు సెకన్లలో బయటికి రావాలి. రాలేకపోతే, ఎంత వేగంగల కారైనా పందెంలోకి రానివ్వరు.