ఎస్. పంచరత్నం: ఆలస్యంగా అందిన పేరు

భౌతికశాస్త్రంలో ఈనాడు తరచూ వినిపించే ‘బెర్రీ ఫేజ్’ మూలాలు వెతికితే, బెంగళూరులో ఇరవై రెండేళ్ల పరిశోధక విద్యార్థి కనిపిస్తారు. ఆయనే ఎస్. పంచరత్నం.

1934 ఫిబ్రవరి 9న కలకత్తాలో జన్మించిన పంచరత్నం సర్ సి.వి. రామన్‌కు మేనల్లుడు. రామన్ స్థాపించిన పరిశోధన సంస్థలో చేరి, స్ఫటికాల గుండా కాంతి ఎలా ప్రయాణిస్తుందో పరిశీలించారు. అక్కడ ఒక చిక్కు ఎదురైంది. ధ్రువణం వేరువేరుగా ఉన్న రెండు కాంతి పుంజాలు ఒకే దశలో ఉన్నాయని ఎలా చెప్పాలి? రెండూ కలిసినప్పుడు వెలుగు గరిష్ఠమైతే ఒకే దశలో ఉన్నట్టేనని ఆయన నిర్వచించారు.

ఆ నిర్వచనం నుంచి ఒక వింత బయటపడింది. మొదటి పుంజం రెండోదానితో, రెండోది మూడోదానితో ఒకే దశలో ఉన్నా, మూడోది మొదటిదానితో ఉండనక్కర్లేదు. ధ్రువణ స్థితులను ఒక గోళం మీద బిందువులుగా గుర్తిస్తే, ఆ మూడింటి మధ్య ఏర్పడే త్రిభుజాన్ని బట్టి ఆ తేడా ఎంతో తేలుతుంది. తరగతిలోని గ్లోబు మీద ఒక పుల్లను మెలితిప్పకుండా భూమధ్యరేఖ నుంచి ధ్రువానికి, అక్కడి నుంచి మరో రేఖాంశం మీదుగా కిందికి, తిరిగి బయలుదేరిన చోటికి తెచ్చి చూడండి. చోటు అదే, పుల్ల దిశ మాత్రం మారిపోతుంది. ఇదీ అలాంటిదే.

1956లో అచ్చయిన ఆ వ్యాసాన్ని ఎక్కువమంది గమనించలేదు. పంచరత్నం మైసూరు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, తర్వాత ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. 1969 మే 28న, 35వ ఏట అక్కడే కన్నుమూశారు.

1984లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ బెర్రీ క్వాంటం వ్యవస్థల్లో ఇలాంటి దశనే వివరించి ప్రసిద్ధులయ్యారు. 1986లో ఎస్. రామశేషన్, రాజారామ్ నిత్యానంద పాత వ్యాసాన్ని వెలుగులోకి తెచ్చారు. మరుసటి ఏడు బెర్రీ స్వయంగా పంచరత్నం కృషిని వివరిస్తూ వ్యాసం రాశారు.

అయస్కాంత క్షేత్రాన్ని పెంచుతూ పోతే గ్రాఫీన్ విద్యుత్ నిరోధం అలల్లా పెరిగి తగ్గుతుంది. వీటినే క్వాంటం డోలనాలు అంటారు. మామూలు లోహాలతో పోలిస్తే ఆ అలలు సగం అల మేర జరిగి ఉన్నాయని 2005లో కనుగొన్నారు. ఆ జరుగుబాటు బెర్రీ ఫేజ్ గుర్తు. టోపలాజికల్ పదార్థాల్లోనూ శాస్త్రజ్ఞులు ఆ గుర్తు కోసమే వెతుకుతారు.

పాత సంపుటం తెరిచిన ఇద్దరి వల్ల పంచరత్నం పేరు మనకు దక్కింది. మన ఉపాధ్యాయులు ధ్రువణం పాఠం చెప్పే రోజున ఆ పేరు ఒక్కసారి పలికితే, వినే పిల్లల్లో ఒక్కరికైనా అది గుర్తుండిపోతుంది.