మన్యమున వెలసిన తపస్వి

అరకులోయ మొదలు చింతపల్లి, గూడెము కొండల వరకు వ్యాపించిన తూర్పుకనుమల సీమకు 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీ నుండి అల్లూరి సీతారామరాజు జిల్లా యని పేరు గలిగినది. ఆయనను విప్లవవీరునిగా నెఱుగనివారు తెలుగునాట లేరు. కాని ఆయన తొలుత సాధువై ఆ కొండలకు వచ్చెనను సంగతిని కొందఱు చరిత్రకారులు కథాలంకారముగా నెంచి దాటిపోవుదురు. లౌకికరాజ్యమున జాతీయవీరునికి జపతపములతో పనియేమని వారి తలంపు కాబోలు. ఆ భాగమును తొలగించినచో, మైదానమునుండి వచ్చిన ఆ యువకుని మాటను గిరిజనులేల పాటించిరో బోధపడదు.

రాజుగారు 1897 జూలై 4న పాండ్రంగిలో జన్మించిరి. స్వగ్రామము మోగల్లు. చిన్ననాడే తండ్రి గతించెను. చదువుపై మనసు నిలువక, ఉత్తరదేశపు తీర్థములు సేవించి, 1917లో కృష్ణదేవిపేటకు చేరి తపోనిష్ఠ నవలంబించిరి. జ్యోతిషము, వైద్యము నెఱిగినవారగుటచే కొండవారు కష్టసుఖములు చెప్పుకొనుటకు ఆయనవద్దకు వచ్చుచుండిరి.

ఆ కొండవారికి సేద్యము ఒక వృత్తి మాత్రమే కాదు. చైత్రమున ఇటుకల పండుగనాడు విత్తనములను దేవతాసన్నిధి నుంచి పూజింతురు. పురుషులు వేటకు పోవుదురు. పాఠశాలలో చదివిన మావంటివారము ఇట్టి దేవతలను క్షుద్రదేవతలని త్రోసివేయుట కద్దు. నేనును బాల్యమున అట్లే పలికితిని. 1882 నాటి మద్రాసు అటవీశాసనము తిరస్కరింపలేదు, పూజింపలేదు. దానికి అడవి కలపగాను, పన్నుగాను మాత్రమే కనబడెను. పోడు నేరమయ్యెను. పూజించిన విత్తనమును చల్లుటకు నేల కఱవయ్యెను. ఈ హక్కులను చట్టము గుర్తించుటకు 2006వ సంవత్సరము రావలసివచ్చినది.

కల్లు విషయము మఱింత విచిత్రము. తమ చెట్ల కల్లు తాము గీసికొనరాదని దొరతనమువారు దానిని గుత్తకిచ్చినప్పుడు, 1879లో రంప పితూరీ రేగినది. నలువదేండ్ల పిమ్మట రాజుగారు అదే మన్యమున ఊరూర తిరిగి, త్రాగుడు మానుడని బోధించిరి. తగవులను కోర్టులకు గొనిపోక పంచాయతీలలో తీర్చుకొనుడనిరి. జనులు చెవియొగ్గిరి. ఆచారమును మార్పగోరువాడు ఆ జనుల నడుమ, వారి గంజినీటిని పంచుకొని బ్రతుకువాడైనపుడు ఆ మాటకు వేఱొక బరువుండును. ఖజానాకొఱకు వచ్చిన నిషేధమునకు అది లేకపోయెను.

ఆయనకు మతద్వేషము లేదు. అధికారులు అనుమానించి నిఘా పెట్టిన దినములలో ఆయనయెడ ఆదరము చూపినది ఫజులుల్లాఖాను అను డిప్యూటీ కలెక్టరు.

బాట పనులలో గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను చేసిన దోపిడి సహింపరానిదయ్యెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడులు జరిగెను. గాము గంటందొర, మల్లుదొర సోదరులు వెంట నిలిచిరి. ఆ పోరాటమెల్ల పాఠకు లెఱిగినదే. ఒక్కటి మాత్రము చెప్పవలెను: 1923 ఏప్రిలులో, సైన్యములు తనకై అడవులు గాలించుచుండగా, ఆయన అన్నవరము వచ్చి సత్యదేవుని దర్శించుకొనెను. దర్శనముకొఱకు ప్రాణభయమును లెక్కింపని యాత్రికుడాయన.

1924 మే 7న కొయ్యూరువద్ద పట్టువడి, విచారణ లేకయే కాల్చబడెను. దేహమును దహనమునకై కృష్ణదేవిపేటకు దెచ్చిరి. ఏడేండ్ల క్రిందట ఆయన తపస్సునకు కూర్చుండిన ఊరు అదియే.